ఉప్పుదిబ్బ చుట్టూ పదివేల అడుగులు

ఒక పెద్ద అడవిలో, అంటే ఈ చివర నెమలి కూస్తే ఆ చివర నెమలికి ఎప్పటికీ వినిపించనంత పెద్ద అడవిలో, జంతువులన్నీ ఆరోగ్యంగా ఉండేవి. ఆ సంగతి పాపం వాటికి తెలియదు. తెలియజెప్పడానికి అప్పటికింకా అక్కడ ఏ మండలీ లేదు.

ఆకలేస్తే తినేవి. కడుపు నిండితే ఆగేవి. నిద్రొస్తే పడుకునేవి. పరుగెత్తాల్సి వస్తే పరుగెత్తేవి. ఇంత మోటు పద్ధతిలో అవి అన్నేళ్లు ఎలా బతికాయో ఈ రోజుల్లో ఎవరికీ అర్థం కాదు.

ఆ అడవికి పడమటి వైపు ఒక వాగు. వాగు అవతల రేచుకుక్కలు ఉండేవి. రేచుకుక్కలంటే మన వీధికుక్కలు కావు. ఎర్రగా ఉండి, గుంపుగా వేటాడే అడవికుక్కలు. మొరగడం తక్కువ, ఒకదాన్నొకటి ఈల వేసి పిలుచుకుంటాయి. ఏడాదికి రెండు మూడుసార్లు అవి వాగు దాటి ఇటు వచ్చేవి.

అందుకని ఒక ఏర్పాటు ఉండేది. వాగు గట్టున ఒక వేగు ఉండాలి. ఈల వినిపించగానే ఆ వేగు అడవంతా పరుగెత్తి కేక వేయాలి. కేక వినగానే చిన్నా పెద్దా అందరూ నడిమధ్యనున్న ఉప్పుదిబ్బ మీదికి చేరాలి. అక్కడ అడవిదున్నలు ఉంటాయి. అవి కొమ్ములు బయటికి పెట్టి గుండ్రంగా నిలబడితే ఇక కుక్కలేం చేస్తాయి? కాసేపు ఈలలు వేసి వెళ్లిపోతాయి.

ఉప్పుదిబ్బ సంగతి కూడా చెప్పాలి. అక్కడి మట్టిలో ఉప్పు ఉంటుంది. గడ్డిలో, ఆకులో అన్నీ ఉంటాయి గాని ఉప్పు చాలినంత ఉండదు. అందుకే మేసే జంతువులు అప్పుడప్పుడూ వెళ్లి ఆ మట్టి నాకి వస్తాయి. ఒంట్లో ఉప్పు తగ్గితే పిక్కలు పట్టేస్తాయి, కాళ్లు వణుకుతాయి. పరుగెత్తేవాళ్లకు ఉప్పు ఎక్కువ కావాలి. పాలిచ్చే తల్లికి ఇంకా ఎక్కువ కావాలి. పెద్ద జంతువులకు ఇది తెలుసు గనక, రోజూ పొద్దున్నే దిబ్బ మీద మొదటి వంతు వేగుదే అని ఎప్పుడో ఒప్పందం చేసుకున్నాయి.

ఆ రోజుల్లో వేగు పొన్న అనే చుక్కల దుప్పి. ఒక్క గెంతులో చిన్న గుంటను, రెండు గెంతుల్లో పెద్ద పొదను దాటేసేది. అప్పుడామె నిండు చూలాలు.

ఇలా ఉండగా రాజుగారికి కడుపునొప్పి వచ్చింది.

రాజుగారంటే పులి. వయసు మళ్లిన పులి. వేట మానేసి చాలా కాలమైంది. దొరికింది తినడం, తిన్నచోటే పడుకోవడం. ఆ వారం వాగులో కొట్టుకొచ్చిన ఎనుబోతును తోలుతో సహా ఒక్క పూటలో తినేశారు. మూడు రోజులు లేవలేదు. నాలుగో రోజు లేచి "అబ్బా" అన్నారు.

ఆ "అబ్బా" విని పరుగెత్తుకొచ్చాడు కుశాగ్రయ్య అనే నక్క.

కుశాగ్రయ్య చదువుకున్నవాడు. ఆరు నెలలు పట్నంలో ఉండి వచ్చాడు. అక్కడ ఒక పెద్ద వ్యాయామశాల. దాని వెనక గోడ పక్కన ఈయన మకాం. లోపల మనుషులు గుడ్లు ఉడకబెట్టుకుని తెల్లసొన మాత్రం తిని పచ్చసొనలు గోడ అవతలికి పారేసేవారట. ఆ పచ్చసొనలు తిని కుశాగ్రయ్య నిగనిగలాడాడు. గోడ ఇవతల నిలబడి లోపలి మాటలు విన్నాడు. "కేలరీలు" అన్నది విన్నాడు, "డిటాక్స్" అన్నది విన్నాడు, "రోజుకు పదివేల అడుగులు" అన్నది విన్నాడు. ఆ మూడు మాటలతో తిరిగొచ్చి, తాను పోషణశాస్త్రం పూర్తి చేశానని చెప్పుకున్నాడు.

"కుశాగ్రయ్యా, కడుపులో బండరాయి ఉన్నట్టుందయ్యా," అన్నారు రాజుగారు.

"ప్రభూ, తమరు ఎక్కువ తిన్నారని అనడానికి నాకు నోరు రాదు."

"రాకపోతేనే నీకు మంచిది."

"అందుకే అనడం లేదు. అసలు జబ్బు తమది కాదు ప్రభూ. అడవిది. అడవిలో ఎవ్వరికీ ఆరోగ్యం బాగాలేదు. అదంతా పోగై తమ కడుపు మీద పడింది."

రాజుగారికి ఈ మాట నచ్చింది. నొప్పి తనది, తప్పు అందరిదీ. ఇంతకన్నా హాయైన వైద్యం ఏముంటుంది?

"మరి మందు?"

"ముందు ఉప్పు మానాలి ప్రభూ."

"నేను ఉప్పెక్కడ తింటానయ్యా? పులిని కదా!"

"తమరు తినరు. దుప్పి నాకుతుంది, దున్న నాకుతుంది. వాటిని తమరు తింటారు. ఆ ఉప్పు చివరికి ఎక్కడికి చేరుతుంది? ఇక మీదట తమరు ఉప్పు నాకని జంతువును మాత్రమే భుజించాలి. ఇది పథ్యం."

"నేనొక్కణ్ణే పథ్యం చేయాలా?" అన్నారు రాజుగారు చిన్నబుచ్చుకుని. నలుగురూ హాయిగా ఉంటే తానొక్కడే బాధపడడం ఆయనకు అలవాటు లేదు.

"ఛ, ఛ. అడవంతా చేస్తుంది ప్రభూ," అన్నాడు కుశాగ్రయ్య.

మరి కుశాగ్రయ్యకు ఇందులో ఏమిటి లాభం? చెప్పుకోవాలి. ఆయన కుందేళ్ల మీద ఆశతో పొదల్లోకి దూరిన ప్రతిసారీ, పొన్న ఎక్కడినుంచో చూసి ఒక కేక వేసేది. కుందేళ్లన్నీ బొరియల్లో దూరేవి. ఇలా ఆయనకు ఎన్ని పూటలు పస్తు పడిందో. వేగు మారితే తప్ప తన ఆరోగ్యం బాగుపడదని ఆయన ఏనాడో తేల్చుకున్నాడు.

వారం తిరక్కుండా అటవీ ఆరోగ్య మండలి ఏర్పడింది. అధ్యక్షుడు బొంతప్ప అనే ఎలుగుబంటి. ఏ సభలోనైనా కూర్చున్న మరుక్షణం నిద్రపోతాడు గనక ఎవరికీ అభ్యంతరం ఉండదని ఆయన్ను ఎన్నుకున్నారు. కార్యదర్శి కుశాగ్రయ్య. గుమాస్తా వడ్రంగిపిట్ట. చెట్టు మీద ముక్కుతో టక్కు టక్కుమని పొడిచి లెక్క రాయడం దాని పని.

కట్టుబాట్లు మూడు. ఒకటి, ఉప్పు నిషేధం. ఉప్పుదిబ్బ చుట్టూ ముళ్లకంచె. రెండు, ప్రతి ప్రాణీ రోజుకు పదివేల అడుగులు వేయాలి. మూడు, తిండి పూటకొకసారి, రోజుకు మూడు పూటలు, పిట్ట టక్కుమన్నప్పుడే. మధ్యలో చిరుతిళ్లు కూడదు. తేనె కూడా ఆరోగ్యానికి చెరుపే గనక దొరికిన తేనెపట్టులన్నీ మండలికి అప్పజెప్పాలి. వాటిని అధ్యక్షులు బొంతప్ప గారే స్వయంగా పరీక్షించేవారు. ఏ పట్టూ పరీక్షలో మిగిలేది కాదు.

అందరూ పరీక్షకు వచ్చి ఆరోగ్య ధ్రువపత్రం తీసుకోవాలన్నారు. పత్రం లేకపోతే పదవి లేదు.

పరీక్షల రోజు వచ్చేసరికి పొన్న ఈని నాలుగు రోజులైంది. ఆడపిల్ల. పిల్లను వాగు పక్కన రెల్లుగడ్డిలో పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి, ఆమె వరసలో నిలబడింది. కంచె వేసి అప్పటికే పది రోజులు దాటింది. ఉప్పు లేక పిక్కలు నొక్కేస్తున్నాయి. పాలు తగ్గాయి. పిల్ల రెండుసార్లు తాగి మూడోసారికి ఖాళీ పొదుగును గుద్దుతోంది. ఎలాగైనా ధ్రువపత్రం తెచ్చుకుంటే వేగు పదవి నిలుస్తుంది. అది నిలిస్తే పెద్దలను అడిగి ఉప్పు వంతు తెచ్చుకోవచ్చు. ఆమె ఆలోచన అంతే.

ఆమె ముందు కొండచిలువ నిదానయ్య.

"ఎన్ని అడుగులు?" అన్నాడు కుశాగ్రయ్య.

"కాళ్లు లేవు నాయనా."

"కారణాలు అడగలేదు. సంఖ్య చెప్పండి."

"సున్నా."

"ఎన్ని పూటలు తింటారు?"

"నెలకొకసారి. ఒక్కోసారి రెండు నెలలకు."

కుశాగ్రయ్య ఆలోచనలో పడ్డాడు. నడకలో సున్నా, ఉపవాసంలో నూటికి నూరు. రెండూ కలిపి సగం చేసి, "యాభై. ఉత్తీర్ణుడు," అన్నాడు. నిదానయ్య ఏమీ అర్థం కాక, అక్కడే చుట్ట చుట్టుకుని పడుకున్నాడు.

తర్వాత రోకలిబండ. వానలకు నేల మీద పాకుతూ, ముట్టుకోగానే చక్రంలా చుట్టుకుపోయే నల్లటి పురుగుందే, బోలెడన్ని కాళ్లతో, అదే. మామూలుగా దాన్ని ఎవరూ పలకరించరు. ఆ రోజు కుశాగ్రయ్య లేచి నిలబడి నమస్కారం చేశాడు.

"తమరికి ఎన్ని కాళ్లండీ?"

"రెండు వందలు బాబూ. ఒకటి మొన్న విరిగింది."

"అయితే యాభై సార్లు ముందుకు జరిగితే పదివేలు!" అన్నాడు కుశాగ్రయ్య. వడ్రంగిపిట్ట తల గోక్కుంటూ లెక్క కట్టి, విరిగిన కాలు తగ్గించి, "తొమ్మిది వేల తొమ్మిది వందల యాభై. ఇంకొకసారి జరిగితే సరి," అంది. రోకలిబండ ఒక కట్టె ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. పూర్తయింది. సభ చప్పట్లు కొట్టింది. అడవిలోకెల్లా చురుకైన ప్రాణి అని బిరుదు ఇచ్చారు. అది సిగ్గుపడి చుట్టుకుపోయింది.

పొన్న వంతు వచ్చింది. చూపించమంటే ఆమె అడవి ఈ అంచు నుంచి ఆ అంచుకు వెళ్లి వచ్చేసింది. పిట్ట రాసుకున్న అడుగులు తొమ్మిది వందలు.

"తొమ్మిది వందలేనా!" అంది పొన్న. "అడవంతా తిరిగొచ్చాను కదమ్మా!"

"నువ్వు గెంతినప్పుడు నాలుగు కాళ్లూ కలిపి ఒకటే చప్పుడొస్తుంది. ఒక చప్పుడుకు ఒక అడుగు. నా పని చప్పుళ్లు లెక్కపెట్టడం. దూరం రాసుకోవడానికి నా దగ్గర గడి లేదు," అంది పిట్ట.

"పైగా," అన్నాడు కుశాగ్రయ్య, "మధ్యాహ్నం నీడలో కూర్చుని నువ్వు ఏదో నములుతున్నావని ఫిర్యాదు ఉంది."

"నెమరు వేస్తున్నానయ్యా. పొద్దున మేసిందే మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నమలడం. అది లేకపోతే మాకు తిన్నది అరగదు."

"అంటే ఒకే తిండి రెండుసార్లు! రాసుకో పిట్టా, అనుమతి లేని చిరుతిండి."

"నెమరు వేయొద్దంటే నేను బతికేదెలా?"

"మండలి ముందు కంఠం పెంచడం గుండెకు మంచిది కాదమ్మా. సరే, నీ పిల్ల రోజుకు ఎన్ని అడుగులు వేస్తోంది?"

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. పుట్టిన కొత్తలో దుప్పి పిల్లకు వాసన దాదాపు ఉండదు. గడ్డిలో కదలకుండా పడుకుంటే పక్కనుంచి కుక్క పోయినా కనిపెట్టలేదు. కదిలితే మాత్రం అంతే సంగతులు. అందుకే తల్లి దాన్ని పడుకోబెట్టి దూరంగా మేస్తుంది. ఆ వయసులో పడుకోవడమే దాని వ్యాయామం, పడుకోవడమే దాని రక్ష.

"నా పిల్ల కదలదు," అంది పొన్న. "మీరు వెయ్యి కట్టుబాట్లు రాసుకోండి. నా పిల్ల కదలదు."

"మూడో నేరం, పసిపిల్లను సోమరిగా పెంచడం," అన్నాడు కుశాగ్రయ్య. "అధ్యక్షా, తమ నిర్ణయం?"

బొంతప్ప గురక పెట్టాడు. ఆ గురకను ఆమోదంగా నమోదు చేశారు.

ధ్రువపత్రం రాలేదు. వేగు పదవి రోకలిబండకు వెళ్లింది. పదవి లేని జంతువు అడవిలో కేకలు వేస్తే అది వదంతి కిందికి వస్తుందని ఇంకో కట్టుబాటు చేర్చారు.

ఆ సాయంత్రం పొన్న పిల్లకు పాలిస్తుంటే, పక్క పొదలోని కుందేలు ఈతమ్మ వచ్చింది. ఈతమ్మకు ఏడుగురు పిల్లలు, నోరు మాత్రం ఏడుగురికీ సరిపోయేంత.

"ఏం వదినా, పత్రం ఇవ్వలేదటగా?"

"ఇవ్వలేదు."

"నాకిచ్చారు. 'భయంతో కూడిన ఆరోగ్యం' అని రాశారు. చూస్తావా? సగం నమిలేశాను, ఆకు బాగుంది."

పొన్నకు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే వెనకకాలి పిక్క పట్టేసి "అమ్మా" అంది.

"ఉప్పు లేకే కదూ? ఆ కంచెలో ఒక చోట నేను దూరేంత సందుంది. మట్టి నోట కరుచుకుని తెస్తాను, నువ్వు నాకు," అంది ఈతమ్మ.

"పట్టుబడితే?"

"పట్టుకోవడానికి వాళ్లు నాకన్నా వేగంగా పరుగెత్తాలి. మండలిలో అంత ఆరోగ్యం ఎవరికుంది వదినా?"

అలా రోజుకు కుందేలు నోరంత ఉప్పు మట్టి. అంతే. పొన్న దాన్ని జాగ్రత్తగా నాకేది. పాలు పూర్తిగా ఎండిపోలేదు గాని పెరగనూ లేదు. పిక్కలు మాత్రం మాట వినడం లేదు.

మిగతా అడవి సంగతి చెప్పాలా? దున్నలు కంచె బయట నిలబడి రోజంతా దిబ్బ వంక చూసేవి. అడవిపందులు పదివేల అడుగులు పూర్తి చేయాలని ఒకే చెట్టు చుట్టూ తిరిగి కళ్లు తిరిగి పడేవి. కుశాగ్రయ్య మాత్రం బాగా పుంజుకున్నాడు. వేగు కేక లేదు గనక రెండు రోజులకొక కుందేలు దొరికేది. ఈతమ్మ పిల్లలు ఏడుగురు ఆరుగురయ్యారు.

పరీక్షలైన తొమ్మిదో రోజు పొద్దెక్కాక, వాగు అవతల ఈల వినిపించింది.

వాగు గట్టున వేగుగారు ఉన్నారు. ఆయన విన్నారు. తప్పు పట్టకూడదు, వెంటనే బయలుదేరారు. నూటతొంభై తొమ్మిది కాళ్లతో, ఒక్క కాలు కూడా తడబడకుండా, "రేచుకుక్కలు! రేచుకుక్కలు!" అంటూ మొదటి ఎండుటాకును దాటారు.

అదే ఈల పొన్న కూడా వింది. పిల్ల రెల్లుగడ్డిలో ఉంది. వాగు పక్కనే. కుక్కలు వచ్చే దారి అదే.

పిల్ల దగ్గరికి పరుగెత్తాలా? పరుగెత్తితే తన వాసన వెంటే కుక్కలు పిల్ల దగ్గరికి వస్తాయి. పరుగెత్తకుండా నిలబడి చూడాలా? అడవిలో ఎవరికీ తెలియదు. కేక వేస్తే నేరం.

"కదలకమ్మా," అంది మనసులోనే. వెనక్కి తిరిగి, గాలికి ఎదురుగా కాకుండా వాలుగా, ఆ కుక్కలకు కనిపించేటట్టు ఒక పెద్ద గెంతు గెంతి, గొంతు చించుకుని అరిచింది.

కుక్కలు రెల్లుగడ్డి పక్కనుంచే వచ్చాయి. ఒకటి ఆగి వాసన చూసింది. గడ్డి కదల్లేదు. ముందు గెంతుతున్న తల్లి కనబడింది. అన్నీ ఆమె వెంట పడ్డాయి.

పొన్న పరుగెత్తింది. పిక్క పట్టేసింది. పట్టేసిన కాలితోనే పరుగెత్తింది. "దిబ్బకు పదండి! దిబ్బకు!"

చెట్టు చుట్టూ తిరుగుతున్న అడవిపంది ఒకాయన ఆగి, "ఇది మండలి కబురేనా అమ్మా? పత్రం ఉందా?" అన్నాడు.

"ముందు పరుగెత్తు మామా, పత్రం కుక్కను అడుగుదువు గాని!" అంటూ ఈతమ్మ ఆరుగురు పిల్లలతో ఆయన కాళ్ల సందుల్లోంచి దూసుకుపోయింది. అప్పుడు ఆయనకు విషయం బోధపడింది.

అందరూ దిబ్బ చేరేసరికి కంచె అడ్డం. దున్నల పెద్ద ఒకసారి కంచె వంక చూశాడు, ఒకసారి వస్తున్న కుక్కల వంక చూశాడు. ఇరవై రోజులకు పైగా ఆయన ఆ కంచెను చూస్తూనే ఉన్నాడు. తల దించి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. కంచె ఆయనతోపాటే వెళ్లిపోయింది.

అందరూ లోపలికి. దున్నలు గుండ్రంగా నిలబడ్డాయి. పొన్న చిట్టచివర వచ్చి, వాటి కడుపుల కింద నుంచి లోపలికి పడిపోయింది. పడిన చోటే నాలుక మట్టికి తగిలింది. చుట్టూ చూస్తే దుప్పులు, పందులు, కుందేళ్లు, అందరూ వణుకుతూనే నాకుతున్నారు. భయానికి కాళ్లు ఆగాయి గాని నాలుకలు ఆగలేదు.

కుక్కలకు ఇక్కడ పని కాలేదు. ఎదురుగా గుహలోంచి రాజుగారు బయటికి వచ్చి, "ఏమిటా గోల?" అన్నారు.

పులి కదా, కుక్కలు భయపడవా అని మీరు అడగవచ్చు. ఒక్క కుక్క అయితే భయపడేది. ముప్పై కుక్కలు కలిస్తే, పరుగెత్తడం మరచిపోయిన పులిని చూసి భయపడవు. ఒకటి తోక పట్టింది.

రాజుగారు దిబ్బ వైపు పరుగెత్తారు. "దారి ఇవ్వండి! నేను!"

"ఇది నిషేధిత ప్రాంతం ప్రభూ," అన్నాడు దున్నల పెద్ద, ఎంతో వినయంగా, కొమ్ములు దించకుండా. "తమ ఆజ్ఞే."

ఏం చేస్తారు? రాజుగారు దిబ్బ చుట్టూ పరుగెత్తారు. వెనక కుక్కలు. ఒక చుట్టు, రెండు చుట్లు, పది చుట్లు. వడ్రంగిపిట్ట పాపం నిజాయితీ గలది. ఏది కనిపిస్తే అది లెక్కపెడుతుంది. కొమ్మ మీద కూర్చుని టక్కు టక్కుమంటూ పదివేల వరకూ లెక్కపెట్టింది. కుక్కలు అలిసిపోయి, నాలుకలు వేలాడేసుకుని, ఈలలు వేసుకుంటూ వాగు దాటి వెళ్లిపోయాయి.

అవి వెళ్లగానే పొన్న రెల్లుగడ్డికి కుంటుకుంటూ వెళ్లింది. గడ్డి కదలడం లేదు. మెల్లగా పిలిచింది. అప్పుడు గడ్డిలోంచి ఒక చెవి లేచింది.

మూడో రోజున మండలి సమావేశమైంది. సమావేశం ఎందుకంటే, అనుమతి లేకుండా కేక వేసినందుకు పొన్న మీద విచారణ. కుశాగ్రయ్య అప్పటివరకూ ఒక చెట్టు తొర్రలో దాక్కుని ఉన్నాడు. ఇప్పుడు బయటికి వచ్చి ఒళ్లు దులుపుకున్నాడు. బొంతప్ప ఆ రోజంతా గుహలో తేనె పరీక్షించి నిద్రపోయాడు గనక ఆయనకు కుక్కలొచ్చిన సంగతే తెలియదు.

"ప్రభూ, కడుపునొప్పి ఎలా ఉంది?" అన్నాడు కుశాగ్రయ్య ముందుగా.

రాజుగారు కడుపు తడుముకున్నారు. ఆశ్చర్యం. బండరాయి లేదు.

"పోయిందయ్యా!"

"చూశారా! పదివేల అడుగులు, పథ్యం. మండలి విజయం! ఇక ఈ దుప్పి సంగతి చూద్దాం. పత్రం లేకుండా..."

అంతలో సభ మధ్యలోకి ఒక నల్లటి ప్రాణి ఆయాసపడుతూ వచ్చింది. వేగుగారు. కుక్కలు వచ్చి వెళ్లిపోయి అప్పటికి మూడు రోజులైంది.

"ప్రభూ," అంది రోకలిబండ, "రేచుకుక్కలు వస్తున్నాయి."

సభ లేచి నిలబడింది. పిట్ట లెక్క కట్టింది. దారిలో ఆయన వేసిన అడుగులు లక్షల్లో తేలాయి. పూలదండ వేశారు. దండ బరువుకు ఆయన కనిపించలేదు.

కుశాగ్రయ్య తీర్పు చదివాడు. పదవి రోకలిబండ వారిదే. పొన్నను సహాయకురాలిగా వేస్తారు. పరుగు, కేక ఆమెవి. బిరుదు, దండ ఆయనవి.

"ఉప్పు?" అంది పొన్న.

"నిషేధం నిషేధమే. కంచె విరిగినట్టు మా దస్త్రాల్లో ఎక్కడా లేదు. కాబట్టి ఉన్నట్టే."

"అలాగే ఉండనివ్వండి," అంది పొన్న. పిల్లను వెంటబెట్టుకుని నేరుగా దిబ్బ వైపు నడిచింది. ఆమె వెనకే ఈతమ్మ, ఈతమ్మ వెనక దున్నలు. లేని కంచెను దాటి అందరూ వెళ్లిపోయారు.

సభలో నలుగురైదుగురే మిగిలారు. రాజుగారి కడుపు గురగురమంది. ఎన్నో నెలల తర్వాత ఆయనకు నిజంగా ఆకలేసింది.

"పిట్టా," అన్నారు, "నా పథ్యం ప్రకారం ఉప్పు నాకని జంతువునే తినాలి కదా. ఈ సభలో ఉన్నవాళ్లలో ఆ రోజు దిబ్బ మీద నాకనివాళ్లు ఎవరెవరో చదువు."

పిట్ట దస్త్రం తిరగేసింది. "తమరు ప్రభూ. బొంతప్ప గారు. రోకలిబండ వారు. కుశాగ్రయ్య గారు."

రాజుగారు బొంతప్ప వంక చూశారు. చాలా పెద్దగా ఉన్నాడు, లేపితే గొడవ. రోకలిబండ వంక చూశారు. పంటికి కూడా ఆనదు. తర్వాత కుశాగ్రయ్య వంక చూశారు. పచ్చసొనలతో నిగనిగలాడి, కుందేళ్లతో గుండ్రబడి, సరిగ్గా ఒక పూటకు సరిపడేటట్టు ఉన్నాడు.

"నేనూ నాకాను ప్రభూ!" అని అరిచాడు కుశాగ్రయ్య. "కంచె వేసిన రోజే నాకాను! రోజూ నాకుతాను!"

"అబద్ధం," అంది పిట్ట. "మీ ధ్రువపత్రంలో మీరే రాసి వేలిముద్ర వేశారు. 'జన్మలో ఉప్పు ముట్టలేదు' అని. దస్త్రంలో ఉన్నదే నిజమని ఇప్పుడే కదండీ చెప్పారు."

కుశాగ్రయ్య వాగు వైపు తిరిగాడు. పరుగెత్తాడు. ఆయన వెనక, మంచి ఆరోగ్యంతో, రాజుగారు. వాళ్ల పైన ఎగురుతూ పిట్ట.

వాగు చేరేసరికి తొమ్మిది వేల తొమ్మిది వందల ఎనభై. మిగిలిన ఇరవై అడుగులు ఆయన అవతలి గట్టున పూర్తి చేశాడు. పదివేలకు బిరుదు తీసుకోవడానికి మాత్రం తిరిగి రాలేదు. అవతల రేచుకుక్కలకు ఇంకా ఆరోగ్య మండలి లేదు గనక ఆ సంగతే వాటికి వివరిస్తున్నాడేమో, చాలాసేపు ఈలలు వినిపించాయి. అవి మెచ్చుకోలు ఈలలో కావో పిట్ట రాసుకోలేదు. దానికి గడి లేదు.

ఇందులో గుర్తు పెట్టుకోవలసింది ఒక్కటే: రాజుగారికి అజీర్తి చేసిందని తెలిసిన రోజున, ముందు మీ ఇంట్లో ఉప్పు దాచుకోండి.